ఇంగ్లిష్ కాంపోజిషన్: ప్రతి తప్పూ దిద్దాలా, ఒకటి రెండు రకాలే చాలా?

తొమ్మిదో తరగతిలో 45 మంది ఉన్నారనుకుందాం. నోట్‌బుక్‌కు 4 నిమిషాల చొప్పున 3 గంటల పని, రెండు సెక్షన్లయితే 6. అంత ఎర్రసిరా పోశాక పిల్లాడు చూసేది మార్కు, దాని కింద సంతకం. వచ్చే వారం మళ్ళీ 'ఐ డిడ్ నాట్ వెంట్' అనే రాస్తాడు. దిద్దింది టీచరు, వాడికి చేయడానికి ఏమీ మిగల్లేదు మరి.

వ్యాకరణం దిద్దడమే దండగని 1996లో జాన్ ట్రస్కాట్ అనే భాషా పరిశోధకుడు వాదించాడు. అది మరీ దూరం పోవడమే. గోడపత్రికకెక్కే రాత, నిజంగా పంపే దరఖాస్తు, పరీక్ష ముందు లెటర్ నమూనా వంటివి పూర్తిగా దిద్దాల్సిందే. రోజువారీ పేరాలకు మాత్రం ఎంచి దిద్దడమే మేలు.

అదెలాగంటే, ఆ వారం చెప్పిన అంశం ఒక్కటే పట్టుకోవాలి. భూతకాలం అనుకుంటే, తప్పు పదం కింద గీత గీసి మార్జిన్‌లో 'టి' (టెన్స్, అంటే కాలం) అని వేయాలి. సరైన రూపం రాయకూడదు. నోట్‌బుక్‌కు ఒకటిన్నర నిమిషం పడుతుంది. పిల్లలే దిద్దుకుని, ఆ వాక్యాలను కింద తిరగరాయాలి.

ఈ పద్ధతి చెడేది ఆ తిరగరాత దగ్గరే. గురుకులంలో స్టడీ అవర్ ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. జడ్పీ హైస్కూల్లో ఇంటికిచ్చి పంపితే సగం నోట్‌బుక్‌లు అలాగే తిరిగొస్తాయి. మర్నాటి పీరియడ్‌లో మొదటి 10 నిమిషాలు దానికే ఇవ్వాలి. చెప్పని నియమానికి గుర్తు పెట్టినా అంతే. 'టి' చూసి 'వెంట్' కొట్టేసి 'గోయింగ్' అని రాస్తారు.

ఆర్టికల్స్ సంగతి వేరు. తెలుగులో అవి లేవు, 'ఎ', 'ది' లేకపోయినా వాక్యంలో లోటున్నట్టు పిల్లలకు అనిపించదు. అక్కడ గుర్తు పెట్టి ఊరుకుంటే గుడ్డిగా ఏదో ఒకటి పెట్టేస్తారు, సరైనది మనమే రాసివ్వాలి.

ప్రైవేటు స్కూళ్ళలో 'ఈ తప్పు వదిలేశారేంటి మేడమ్?' అని తల్లిదండ్రులు నోట్‌బుక్ పట్టుకొస్తారు. తనిఖీకి వచ్చినవాళ్ళూ అదే అడుగుతారు. పేజీ పైన 'ఈసారి చూసింది: భూతకాలం' అని ఒక లైను రాసి పెడితే ఆ గొడవ చాలావరకు ఉండదు.

పక్కవాళ్ళ చేత దిద్దించడం చౌకే గానీ, వ్యాకరణానికి పనికిరాదు. ఒప్పును తప్పు చేసిపెడతారు. 'ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్నవి తెలుస్తున్నాయా?' లాంటి ప్రశ్నలిచ్చి విషయం వరకే చూడమంటే బాగా చూస్తారు. ఆ పని నోట్‌బుక్ టీచరు దగ్గరికి రాకముందే అయిపోవాలి, తర్వాతైతే మార్కు వైపే చూస్తారు.