వేటచేపల స్ట్రీమర్ కిట్: కుందేలు తోలుకి పూర్తి మార్కులు, వైజ్‌కి సున్నా

ఫ్లై అంటే ఈగ, చేపలు పట్టడానికి హుక్‌కి కట్టే నకిలీ ఎరనీ ఫ్లై అనే అంటారు. కానీ ఈ కిట్‌తో కట్టేవాటిలో ఈగ ఒక్కటీ లేదు. స్ట్రీమర్ అంటే నీళ్ళలో ఈదే చేపపిల్లకో జలగకో నకలు. వెంట్రుకలు, తోలు, తళుకు పోగులు హుక్‌కి దారంతో చుట్టి కడతారు. చిన్న చేపల్ని తరిమి మింగే చేపలకి ఇదే ఎర. ఏడాదిపాటు ఎవరో కట్టినవి కొని, వాటిలో సగం నాచుకీ మునిగిన మొద్దులకీ సమర్పించుకున్నాక, ఇక నేనే కట్టుకుందామని ఈ కిట్ తెప్పించాను. పెట్టె మీద నోరు తెరిచిన పైక్ చేప బొమ్మ, పక్కన 'ప్రిడేటర్' అని పెద్ద అక్షరాలు. నాలుగు నెలలు వాడాక రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. తెలిసినవాళ్ళ దగ్గర చూసిన మరో రెండు పెట్టెల్లోనూ సరుకు ఇంచుమించు ఇదే కాబట్టి పేరుతో పెద్ద పనిలేదు.

ముందు వైజ్ సంగతి. హుక్‌ని కదలకుండా పట్టుకోవడం తప్ప దానికి వేరే పనిలేదు. చిన్న ట్రౌట్ హుక్‌లని బాగానే పట్టుకుంటుంది. పెద్ద చేపలకి వాడే 2/0 సైజు హుక్ పెట్టి దారం గట్టిగా లాగానో లేదో, హుక్ తల వంచేసింది. మళ్ళీ బిగించాను, మళ్ళీ వంచింది. చివరికి గరుకు కాగితం చిన్న ముక్క మడిచి దవడల మధ్య పెడితే కాస్త ఆగింది. వేటచేపల కోసమని అమ్మే కిట్‌లో 2/0 హుక్ ఆగకపోతే ఎలా? పెట్టెలో వచ్చిన హుక్‌లే 2/0. వాళ్ళు ఒక్కసారైనా వాళ్ళ హుక్‌ని వాళ్ళ వైజ్‌లో పెట్టి చూశారా అని నాకు అనుమానం.

దారం కూడా అంతే. ఇచ్చింది 70 డెనియర్, అంటే చిన్న ఈగలు కట్టే సన్నదారం. ఫ్లైకి బరువు కోసం పెట్టే లోహపు కళ్ళు కదలకుండా కట్టాలంటే బలంగా లాగాలి, లాగితే పుటుక్కున తెగుతుంది. తెగిందంటే అప్పటిదాకా చుట్టినదంతా విప్పుకుంటుంది. మొదటి సాయంత్రం ఆరుసార్లు తెగింది. అందులో నాలుగుసార్లు తప్పు దారానిది కాదు, దారం ఉండని పట్టుకునే బాబిన్ గొట్టం అంచుది. వేలితో తడిమితే చిన్న గీర తగిలింది, అదే దారాన్ని కోస్తోంది. ఇప్పుడు సిరామిక్ గొట్టం ఉన్న బాబిన్, 200 డెనియర్ జీఎస్పీ దారం (పాలిథిలీన్‌తో చేసే చాలా గట్టి దారం) విడిగా కొని వాడుతున్నాను. జీఎస్పీ తెగదు, కానీ నున్నగా జారుతుంది. కింద ఒక వరస చుట్టి, చుక్క జిగురు వేసి, ఆ మీద కట్టుకోవాలి. ఇంకోటి, కిట్‌లో కత్తెర దాన్ని కోయలేదు. నములుతుంది. పాత గోళ్ళ కత్తెర నయమనిపించింది.

లేడి తోక, అదే బక్‌టెయిల్, మూడు రంగులు ఇచ్చారు. తెలుపు, చిలకపచ్చ, ఎరుపు. తెలుపు బాగుంది, పొడుగు వెంట్రుకలు. ఎరుపు తడవగానే రంగు వదిలి పక్కనున్న తెలుపుని గులాబీ చేసేసింది. చేపలేమీ అభ్యంతరం చెప్పలేదు గానీ నాకు ఒళ్ళు మండింది. కొత్తవాళ్ళకి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. తోక మొదట్లో ఉండే వెంట్రుకలు లోపల బోలుగా ఉంటాయి, దారం బిగిస్తే గొడుగులా విచ్చుకుంటాయి. కొస వైపు వెళ్ళేకొద్దీ గట్టిగా ఉండి, కట్టిన చోట అణిగి ఉంటాయి. సన్నటి ఫ్లైకి కొస వైపువి, లావు తల కావాలంటే మొదట్లోవి. ఇది తెలియక తోక మొదలునుంచి కత్తిరించి కట్టిన నా మొదటి ఫ్లై చూసి మామయ్య, "ఏరా, ఇది చేపపిల్లా, గెడ్డం గీసుకునే కుంచా?" అన్నాడు. ఆయన జీవితమంతా వానపాముతోనే పట్టినవాడు. ఆయన నవ్వుకి నేను సమాధానం చెప్పాల్సి వచ్చింది, అది ఆలస్యమైంది.

ఆలస్యానికి కారణం కిట్‌తో వచ్చిన బొమ్మల కాగితం. అందులో మొదటి పాఠం క్లౌజర్ మిన్నో. 1987లో అమెరికాలో బాబ్ క్లౌజర్ స్మాల్‌మౌత్ బాస్ అనే చేప కోసం రూపొందించిన ఫ్లై ఇది, పేరు పెట్టింది ప్రసిద్ధ ఫ్లై వేటగాడు లెఫ్టీ క్రే. కిటుకంతా డంబెల్ ఆకారంలో ఉండే లోహపు కళ్ళలో ఉంది. వాటిని హుక్ కాడ పైభాగాన కట్టాలి. నీళ్ళలో పడగానే ఆ బరువు కిందికి తిరుగుతుంది, హుక్ మొన పైకి లేస్తుంది. అడుగున రాళ్ళు, నాచు తగలకుండా పోతుంది. ఈ కాగితంలో బొమ్మ గీసినవాడు కళ్ళని కాడ కింద గీశాడు! నేను అలాగే కట్టాను. మొన కిందికే వేలాడింది, ఒక్క ఉదయంలో మూడు ఫ్లైలు అడుగున వదిలేసి వచ్చాను. తర్వాత ఒక బకెట్ నీళ్ళలో ఫ్లైని లాగి చూస్తే విషయం అర్థమైంది. ఇప్పుడు ఏది కట్టినా ముందు బకెట్‌లో ఈదించాకే పెట్టెలో పెడుతున్నాను.

బకెట్ ఇంకో పాఠం కూడా చెప్పింది. కాగితం ప్రకారం పెన్సిల్ అంత లావు కుచ్చు కట్టాలి. మేజు మీద నిండుగా, పెళ్ళికొడుకులా ఉంటుంది. నీళ్ళలో మాత్రం ముద్ద ముద్దగా కర్రలా వస్తుంది. అగ్గిపుల్ల కంటే కాస్త లావుగా, అవతలి వైపు కనిపించేంత పల్చగా కడితే వెంట్రుక వెంట్రుకా విడిగా కదిలి, ఒళ్ళు మెరుస్తున్న చేపపిల్లలా ఉంటుంది. వెంట్రుకలు చాల్లేదని ఈ కిట్‌ని తిడుతున్నవాళ్ళని చూశాను. నిజానికి ఇచ్చినవి ఎక్కువే. తళుకు పోగులు కూడా నాలుగైదు చాలు.

ఇక ఈ పెట్టెలో నాకు బాగా నచ్చింది కుందేలు తోలు పట్టీలు. నలుపు, ఆలివ్. తోలు పల్చగా ఉంది, బొచ్చు ఒత్తుగా ఉంది, రంగు వదల్లేదు. ఇంత మంచి పట్టీలు విడిగా కొన్నప్పుడు కూడా దొరకలేదు. నీళ్ళలో ఫ్లై ఆగినా తోక ఆగదు, ఊపిరి తీస్తున్నట్టు కదులుతూనే ఉంటుంది. రెండు ఇబ్బందులు ఉన్నాయి. తడిస్తే బరువెక్కుతుంది, పెద్ద చేపలకి వాడే బలమైన 8 వెయిట్ రాడ్‌తో కూడా భుజం నొప్పి పుడుతుంది. విసిరేటప్పుడు తోక పోయి హుక్ వంపుకి చుట్టుకుంటుంది. చుట్టుకున్న ఫ్లై పక్కకి తిరిగి వస్తుంది, దాన్ని ఏ చేపా చూడదు. వంపు దగ్గర గట్టి నైలాన్ ముక్కని చిన్న ఉచ్చులా కట్టి, తోలు దాని మీదుగా పోనిస్తే చాలావరకు ఆగింది. ఇది కాగితంలో లేదు.

ఆలివ్ తోలుతో కట్టిన ఫ్లైనే మొదటి కొర్రమీను కొట్టింది. గడ్డి అంచున వేసి, అయిదు లెక్కపెట్టి, ఎడమచేత్తో లైన్ రెండు లాగులు లాగి ఆపాను. ఆపినప్పుడే కొట్టింది. నేను అలవాటుగా రాడ్ పైకెత్తాను. అంతే, పోయింది. రెండోది కూడా అలాగే పోగొట్టుకున్నాను. ఎముక గట్టిగా ఉండే నోట్లో మొన దిగాలంటే రాడ్ నీటి వైపే ఉంచి లైన్‌ని చేత్తో గుంజాలి. తప్పినా ఫ్లై అక్కడే ఉంటుంది, చేప మళ్ళీ రావచ్చు. రాడ్ ఎత్తితే ఫ్లై గాల్లోకి వచ్చేస్తుంది. మూడో చేపకి చేతులకి బుద్ధి వచ్చింది. హుక్ మొన దగ్గరుండే ఎదురు ముల్లు ముందే నొక్కేసి ఉంచాను కాబట్టి తీయడం సులువైంది, నీళ్ళలోనే వదిలాను. మామయ్య ఏమీ అనలేదు. ఫ్లైని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

ఆ ఒక్క చేపకే తల దగ్గర దారం పళ్ళకి సగం తెగింది. కిట్‌లో యూవీ రెసిన్ (అతినీలలోహిత వెలుగుకి గట్టిపడే జిగురు), చిన్న టార్చ్ ఇచ్చారు గానీ ఆ టార్చ్ వెలుగుకి రెసిన్ పైపైనే గట్టిపడి జిగటగా మిగులుతుంది. ఎండలో పెడితే నిమిషంలో రాయి అవుతోంది. పగలు కట్టుకోండి. పళ్ళున్న చేపల కోసం లైన్‌కీ ఫ్లైకీ మధ్య ఉండే లీడర్ దారం కొసన లావు ఫ్లోరోకార్బన్ దారం ముక్క తప్పనిసరి, పైక్ లాంటివాటికైతే అది కూడా చాలదు, వైరు కావాలి. పెట్టె మీద పైక్ బొమ్మ ఉంది, లోపల వైరు లేదు.

అయిదుకి రెండున్నర. తోలు, కళ్ళు, తెల్ల బక్‌టెయిల్, హుక్‌లు విడిగా అమ్మితే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. ఇప్పటికే మంచి వైజ్ ఉన్నవాళ్ళకి పర్వాలేదు. మొదటిసారి కట్టేవాళ్ళు వైజ్, బాబిన్, కత్తెర ముందు విడిగా తీసుకుని, సామాను తర్వాత కొనుక్కోవడం మంచిది.

వైజ్ గురించి కంపెనీకి రాశాను. మరలు ఇంకా బిగించమన్నారు. బిగిస్తే మర అరిగిపోయింది. అడగ్గానే కొత్తది పంపారు, ఆ మాట ఒప్పుకోవాలి. అదీ 2/0 దగ్గర తల వంచింది. ప్రస్తుతం దాన్ని కిటికీలో పెట్టి, రెసిన్ వేసిన ఫ్లైలు ఎండకి ఆరబెట్టడానికి వాడుతున్నాను.