విజయవాడ గవర్నర్‌పేట కంప్యూటర్ షాపు, ఇంటికొచ్చి చేసే నెట్‌వర్క్ పని: 4/5

ఆటోనగర్ కొట్లో స్పేర్ పార్టుల స్టాకు చూసుకోడానికి మా తమ్ముడు చిన్న ప్రోగ్రాం రాసిచ్చాడు. పటమటలో మా ఇంటి మేడమీద విండోస్ పీసీలో నడుస్తుంది. అక్కడ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8000 (అదే పీసీలో నడిచే ప్రోగ్రాం అడ్రసు) అని కొడితే చక్కగా వచ్చేది. కింద నాన్నగారి ఫోన్‌లో మాత్రం గిర్రున తిరుగుతూనే ఉండేది. పీసీ కొన్న షాపుకే ఫోన్ చేశాం.

పదకొండుకి వస్తానన్న కుర్రాడు భోజనాల వేళకి దిగాడు, ఒక స్టార్ కోత అందుకే. పని మాత్రం తెలిసినవాడు. ముందు నెట్‌స్టాట్ (ఏ అడ్రసు మీద కనెక్షన్లు తీసుకుంటోందో చూపే కమాండు) కొట్టి చూపించాడు: మా ప్రోగ్రాం సర్వర్ 127.0.0.1 మీదే ఉంది, అంటే ఆ మెషీన్‌కి తప్ప ఇంకెవరికీ పలకదు. దాన్ని 0.0.0.0కి, అంటే నెట్‌వర్క్‌లో మిగతావాటికీ పలికేలా, మార్చాడు. ఇక ఫైర్‌వాల్ (బయటినుంచి వచ్చే కనెక్షన్లని అడ్డుకునేది) మొత్తం ఆపేస్తాడేమో అనుకున్నా (చాలామంది చేసేది అదేగా). లేదు, నెట్‌వర్క్‌ని ప్రైవేట్‌గా పెట్టి మా ప్రోగ్రాం వాడే 8000 పోర్టు (దానికొచ్చే దారి) ఒక్కటే తెరిచాడు. రౌటర్‌లో పీసీకి 192.168.1.50 అడ్రసు ఖాయం చేశాడు, కరెంటు పోయొచ్చినా మారదు.

"కొట్లోంచి కూడా తెరుచుకునేలా పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టవయ్యా" అన్నాను (ఇంటర్నెట్‌లోంచి వచ్చే కనెక్షన్‌ని రౌటర్ మా పీసీకి పంపేలా చేయడం). "పాస్‌వర్డ్ లేని ప్రోగ్రాంని బయటికి వదలొద్దండీ" అని ఒప్పుకోలేదు. అది నచ్చింది నాకు.

500 తీసుకున్నాడు. బిల్లు మాత్రం అడిగితేనే ఇచ్చారు.