కలాం తర్వాత నారాయణన్‌ను చూస్తే

నెల్లూరులో రాష్ట్రపతుల మాటొస్తే ముందు వచ్చేది కలాం పేరే, రావాలి కూడా, 1980లో ఆయన నాయకత్వంలో తయారైన ఎస్ఎల్వీ-3 రాకెట్ ఎగిరింది అప్పట్లో మన జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచే కదా. కానీ రాష్ట్రపతిగా చేసిన పని వరకే చూస్తే, ఆయనకు ముందున్న కె.ఆర్. నారాయణనే నాకు ఒక మెట్టు పైన కనిపిస్తారు.

జనంతో దగ్గరితనం: కలాందే పైచేయి. పిల్లలు ఆయన్ని సొంత మాస్టారిలా చూశారు.

కేంద్రానికి అడ్డు చెప్పడం: అసలు తేడా ఇక్కడే. రాష్ట్రపతి పాలన పెట్టమని మంత్రివర్గం సిఫార్సు చేస్తే నారాయణన్ 1997లో ఉత్తరప్రదేశ్ ఫైలు, 1998లో బీహార్ ఫైలు వెనక్కి పంపారు. అదే 2005లో బీహార్ అసెంబ్లీ రద్దుపై కలాం మాస్కోలో ఉండగానే సంతకం పెట్టేశారు, అది రాజ్యాంగ విరుద్ధమని తర్వాత సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2006లో లాభదాయక పదవుల బిల్లును (ఎంపీలు కొన్ని ప్రభుత్వ పదవుల్లో ఉన్నా సభ్యత్వం పోకుండా చూసే బిల్లు) ఆయనా తిప్పి పంపారు, అది మరవకూడదు.

రిస్క్: వెనక్కి పంపితే ప్రభుత్వంతో టెన్షన్. తొందరపడి సంతకం పెడితే ఒక రాష్ట్రం ఓటర్లందరికీ అన్యాయం.

పిల్లలకు చదువు మీద ఆశ పుట్టించాలంటే కలాం గురించే చెప్పండి. గవర్నర్ నివేదిక పట్టుకుని అసెంబ్లీని రద్దు చేయమనే రోజు వస్తే మాత్రం ఆ కుర్చీలో నారాయణన్ లాంటి మనిషే ఉండాలి.