హోవ్‌లో గార్డెన్ ఫ్లాట్ చూస్తున్నారా? ముందు పేవ్‌మెంట్ కింది గది తలుపు తీయించండి

ఇంగ్లండ్‌లో బ్రైటన్, హోవ్ వైపు ఇల్లు వెతుకుతున్న మనవాళ్లు ఇది చదివాకే ఆఫర్ పెట్టండి. బ్రన్స్‌విక్ స్క్వేర్ దగ్గర, సముద్రానికి నడిచేంత దూరంలో, 1820ల నాటి బిల్డింగ్‌లో కొత్తగా రెనోవేట్ చేసిన గార్డెన్ ఫ్లాట్. ఆ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. గార్డెన్ ఫ్లాట్ అంటే ఇక్కడ వీధి నుంచి మెట్లు దిగి వెళ్లే లోయర్ గ్రౌండ్. దాన్నే కొనబోయి, ఎక్స్ఛేంజ్ (సంతకాలు చేసిన కాంట్రాక్టులు మార్చుకోవడం) కాకముందే బయటపడ్డాం కాబట్టి డిపాజిట్ మిగిలింది. సర్వేకీ సొలిసిటర్‌కీ కట్టింది మాత్రం పోయింది.

పేవ్‌మెంట్ కింద పాతకాలపు బొగ్గు గది ఉంటుంది కదా, చూడ్డానికి వెళ్లిన రెండుసార్లూ దాని తలుపు తీయమంటే ఏజెంట్ "తాళంచెవి ఓనర్ దగ్గరుంది" అన్నాడు. సర్వే రోజు అదే తాళంచెవి కిచెన్ డ్రాయర్‌లో దొరికింది. లోపల గాల్లో చెమ్మ లాగే డీహ్యూమిడిఫయర్, దాని ట్యాంకు నిండా నీళ్లు. మనం చూడ్డానికి వచ్చే ముందు హాల్లోంచి తీసి అక్కడ దాచారన్నమాట. ఫోన్ చేసి అడిగితే, "ఈ ఊళ్లో పాత ఇళ్లన్నీ ఇంతే, నచ్చకపోతే కొత్త బిల్డింగులు చూసుకోండి" అని పెట్టేశాడు. పచ్చి అబద్ధం. పాత ఇళ్లన్నీ ఇలా ఉండవు, పాడు చేస్తేనే ఇలా అవుతాయి.

ఇక్కడి గోడలు చాలావరకు బంగరూష్. చెకుముకి రాళ్లు, ఇటుక ముక్కలు, గులకరాళ్లు సున్నంలో కలిపి పలకల మధ్య పోసిన గోడ. పైన సున్నపు గార ఉంటే పీల్చుకున్న చెమ్మ ఆరిపోతుంది. వీళ్లు ఆ గార గీకేసి జిప్సం ప్లాస్టర్ కొట్టి, పైన వినైల్ పెయింట్ వేశారు. చెమ్మకి దారి మూసుకుపోయి గోడలో పైకి పాకింది. స్కర్టింగ్ పైన పెయింట్ పొక్కింది, గోరు తగిలిస్తే తెల్లటి ఉప్పు రాలింది. వెనక తోటలో కొత్త పేవింగ్ లోపలి ఫ్లోర్ కంటే ఎత్తుగా వేశారు. బయటి నేల కనీసం 150 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి.

చెమ్మ ఆపే డ్యాంప్ ఇంజెక్షన్ గ్యారంటీ కాగితం చూసి నమ్మకండి. ఆ మందు ఇటుక వరుసల మధ్య సున్నంలోకి ఎక్కించేది, బంగరూష్‌లో వరుసలే ఉండవు. చెమ్మ కొలిచే రెండు పిన్నుల మీటర్ కూడా చాలదు. ఉప్పు ఉంటే పొడిగోడకీ ఎక్కువ చూపిస్తుంది, ప్లాస్టర్‌బోర్డ్ వెనకున్న తడిని పట్టుకోదు. గోడలో డ్రిల్ చేసి తీసిన పొడికి, అందులో తడి ఎంతో కొలిచే కార్బైడ్ టెస్ట్ చేయించమనండి. ఓనర్ ఒప్పుకోకపోతే వదిలేయండి.

ఇంకోటి, లిస్టెడ్ బిల్డింగ్‌లో (చారిత్రక కట్టడంగా చట్టరక్షణ ఉన్నది) కన్సెంట్ లేకుండా చేసిన పనికి కౌన్సిల్ నోటీసు కొన్నవాళ్ల మెడకే చుట్టుకుంటుంది, దానికి కాలపరిమితి లేదు. ఆ కన్సెంట్ కాగితాలు మొదటి వారమే అడగాల్సింది, అడగలేదు, తప్పు నాదే.

లెవెల్ 3 సర్వే (అన్నిటికంటే వివరమైనది) చేయించండి. పెద్ద రిపేర్లకి ముందు ఫ్లాట్లవాళ్లకి ఇచ్చే సెక్షన్ 20 నోటీసులు ఏమైనా ఉన్నాయేమో సొలిసిటర్‌తో అడిగించండి, లీజులో ఉంటే పైకప్పు రిపేరుకి కింది ఫ్లాట్ కూడా వాటా కట్టాలి. చూడ్డానికి వాన పడ్డ మర్నాడు వెళ్లండి, ముందు మెట్ల కింది డ్రెయిన్‌లో నీళ్లు నిలిచాయేమో చూడండి.