విజయ తైలం: సీసాతో పాటు చేతిలో ఉండవలసిన కాగితం

మా అక్కయ్యకు రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిన తరువాత, తుంటిలోనూ నడుములోనూ పుట్టే నొప్పికి తోడు ఆకలి చచ్చిపోయి, నిద్ర కరువై, ఇంటిల్లిపాదీ ఆమె మూలుగు వింటూ తెల్లవార్చిన రాత్రులు చాలా ఉన్నాయి. ఆ రోజుల్లో ఆన్‌లైన్‌లో తెప్పించి ఆరు వారాల పాటు వాడిన ఒక ఆయుర్వేద విజయ తైలం గురించీ, దానిని అమ్మిన సంస్థ అందించిన సేవ గురించీ ఈ సమీక్ష రాస్తున్నాను. విజయ అన్నది గంజాయి మొక్కకు ఆయుర్వేదంలో ఉన్న పేరు. సంస్థ పేరు రాయడం లేదు. దాని లోపాలను చెప్పడం కంటే, ఇటువంటి మందు కొనే ఇంట్లోవాళ్ళు ముందుగా ఏమి తెలుసుకోవాలో చెప్పడం నాకు ముఖ్యం.

ఈ మందు ఆలోచన మా మేనల్లుడి ఫోనుతో మొదలైంది. అతను అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. 2025 జనవరిలో ఒక రాత్రి ఫోను చేసి, "మావయ్యా, ఇక్కడ క్యాన్సర్ రోగులకు గంజాయి మందు ఇవ్వడానికి కొత్త చట్టం వచ్చింది. అమ్మను విజిటర్ వీసా మీద తీసుకొస్తే ఇక్కడే ఇప్పిస్తాను, కుదరకపోతే నేను వచ్చేటప్పుడు ఒక సీసా పట్టుకొస్తాను" అన్నాడు. తల్లి బాధ చూడలేక అన్న మాట అది. తొందరపడవద్దని చెప్పి, ఆ చట్టం వివరాలు పంపమన్నాను. అమలాపురం కోర్టులో ప్రాక్టీసు చేసే నా మిత్రుడి ఇంటి అరుగు మీద ఇద్దరం కూర్చుని రెండు సాయంత్రాలు వాటిని చదివాము.

కెంటకీ శాసనసభ ఆమోదించిన సెనేట్ బిల్లు 47 మీద గవర్నర్ ఆండీ బెషియర్ 2023 మార్చి 31న సంతకం చేశారు. అది 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అన్ని రకాల క్యాన్సర్లు, తీవ్రమైన దీర్ఘకాలిక నొప్పి, మూర్ఛ, మల్టిపుల్ స్క్లెరోసిస్, విడవని వికారం, తీవ్రమైన మానసిక ఆఘాతం తరువాత వచ్చే రుగ్మత ఆ చట్టం గుర్తించిన జబ్బులు. రోగి అనుమతి ఉన్న వైద్యుడిని మొదటిసారి స్వయంగా కలిసి పరీక్ష చేయించుకోవాలి; వైద్యుడు ధ్రువపత్రం ఇస్తే, దాని ఆధారంగా రాష్ట్రం నుంచి కార్డు తీసుకోవాలి; ఆ తరువాతే లైసెన్సు ఉన్న దుకాణంలో కొనాలి. పొగ తాగడానికి వీలు లేదు, ఇంట్లో మొక్క పెంచడానికీ వీలు లేదు. ఇవన్నీ చదివాక నాకు ఆ చట్టం మీద గౌరవమే కలిగింది, ఎందుకంటే రోగి ఏ మెట్టు తరువాత ఏ మెట్టు ఎక్కాలో అందులో అడుగడుగునా రాసి ఉంది.

అయితే మా అక్కయ్యకు ఆ మెట్లలో ఒక్కటీ అందేది కాదు. కార్డు ఆ రాష్ట్ర నివాసులకు ఇచ్చేది. మూడు నెలల కోసం వెళ్ళిన తల్లికి అది రాదు. మేనల్లుడికి సంబంధించిన చిక్కు ఇంకా పెద్దది. రాష్ట్రం అనుమతించినా అమెరికా కేంద్ర చట్టం గంజాయిని నియంత్రిత పదార్థంగానే చూస్తుంది. గంజాయితో సంబంధం పెట్టుకున్న వలసదారులు, అది రాష్ట్ర చట్టానికి లోబడినదే అయినా, పౌరసత్వానికి అవసరమైన సత్ప్రవర్తనను నిరూపించుకోలేకపోవచ్చునని 2019 ఏప్రిల్‌లో అక్కడి పౌరసత్వ, వలస సేవల విభాగం స్పష్టంగా ప్రకటించింది. గ్రీన్‌కార్డు మీద ఉండి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టబోతున్న పిల్లవాడు తల్లి కోసమైనా సరే అక్కడ ఆ సీసా చేతపట్టకూడదని మా ప్లీడరుగారు తేల్చి చెప్పారు. ఇక విమానంలో తేవడమంటే, పరిమాణం ఎంత తక్కువైనా, మన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం దిగుమతి నేరం. కోనసీమలో ప్రతి వీధిలో ఒకరో ఇద్దరో అమెరికాలో ఉన్న పిల్లలున్న ఇళ్ళు కనుక, ఈ రెండు సంగతులూ కాస్త విడమరచి రాశాను.

మన దగ్గర ఇటువంటి ప్రత్యేకమైన రాష్ట్ర చట్టం లేదు. ఉన్నదల్లా, పైన చెప్పిన 1985 కేంద్ర చట్టంలోని నిర్వచనం విడిచిపెట్టిన ఒక సందు. ఆ నిర్వచనం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ కాసే కొసలు. ఆ కొసలు కలవని ఆకూ, గింజా అందులోకి రావు. పువ్వు నుంచి తీసినదైతే నేరం, ఒట్టి ఆకు నుంచి తీసినదైతే ఔషధం కావచ్చు. ఆకు మీద అదుపు రాష్ట్రాల ఆబ్కారీ చట్టాలది. మందుల విషయానికి వస్తే, 1945 నాటి ఔషధ నియమాలలో విషపదార్థాలుగా చెప్పిన ఆయుర్వేద ద్రవ్యాల జాబితాలో నల్లమందు, ఉమ్మెత్త, ముషిణి సరసన ఈ మొక్కా ఉంది. అందువల్ల దీనితో చేసిన మందు సీసా మీద వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉండి తీరాలి. మన ఆడవాళ్ళు, ముసలివాళ్ళు చదవగలిగే తెలుగులో ఉండాలని మాత్రం నియమంలో లేదు.

సంస్థ ఎంపికలో మా ప్లీడరుగారు పెట్టిన షరతులు మూడు: తయారీ లైసెన్సు సంఖ్య సీసా మీద ఉండాలి, ముడిసరుకు ఆకు అని రాసి ఉండాలి, వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు. ఈ మూడూ కుదిరిన ఒక ఉత్తరాది సంస్థలో మందు తెప్పించాము.

వీడియోలో వైద్య సంప్రదింపు ఏడు నిమిషాలలో ముగిసింది. ఆ వైద్యురాలు మర్యాదగా, ఓపికగానే మాట్లాడారు, కానీ హిందీ, ఇంగ్లీషు తప్ప తెలుగు రాదు. మా అక్కయ్యకు తెలుగు తప్ప వేరే భాష రాదు. నొప్పి ఎక్కడ, ఎంతసేపు, ఏ వేళకు అన్న ప్రశ్నలకు జవాబులన్నీ నేనే చెప్పవలసి వచ్చింది. బాధ అనుభవిస్తున్న మనిషి పక్కనే మౌనంగా కూర్చుంది. ఇంతకంటే నన్ను కలవరపెట్టినది, ఆమె వాడుతున్న మిగతా మందులేమిటని అడగకపోవడం. అంతకు ముందు సంవత్సరం కాలిలో రక్తం గడ్డకట్టినందువల్ల అక్కయ్య రక్తం పలచబరిచే మాత్ర వేసుకుంటున్నది. గంజాయి మొక్కలోని రసాయనాలు వార్ఫారిన్ కోవకు చెందిన మందుల ప్రభావాన్ని పెంచవచ్చునని వైద్యులకు తెలిసిన విషయమే. నేను మాత్ర పేరు చెప్పాకనే ఆవిడ కాస్త ఆగి, మీ క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టండి అన్నారు. చెప్పకపోయి ఉంటే ఆ మాట వచ్చేది కాదు. రాజమండ్రిలో మా డాక్టరుగారు రక్తపరీక్ష మధ్యమధ్య చేయించమన్నారు; రెండవ వారంలో ఐ.ఎన్.ఆర్., అంటే రక్తం ఎంత పలచబడిందో చూపే లెక్క, ఉండవలసిన దానికంటే పైకి వెళ్ళడంతో మాత్ర మోతాదు తగ్గించారు. అది కేవలం తైలం వల్లనే అని ఆయన అనలేదు, తిండి తగ్గినా అలా జరుగుతుందన్నారు. ఏమైనా ఆ పరీక్ష చేయించకపోతే మాకు తెలిసేది కాదు.

చీటీ మాత్రం నిక్కచ్చిగా వచ్చింది. అదే సాయంత్రం రోగి పేరు, వయసు, వైద్యురాలి రిజిస్ట్రేషన్ సంఖ్య, మందు పేరు, మోతాదు, ఎన్నాళ్ళు వాడాలన్న వివరంతో ఫోనుకు పంపారు. ఈ ఒక్క విషయంలో సంస్థకు పూర్తి మార్కులు వేస్తాను. తొమ్మిదవ రోజున రావులపాలెం కొరియరు ఆఫీసుకు పార్సిల్ వచ్చింది. పెట్టెలో బిల్లు ఉన్నది కానీ చీటీ నకలు లేదు. నేను ముందే రెండు ప్రతులు ప్రింటు తీయించి ఉంచాను.

ఆ ప్రతి విలువ నెల తిరగకుండానే తెలిసింది. అక్కయ్యను కారులో రాజమండ్రి ఆసుపత్రికి తీసుకువెళుతుండగా, గౌతమి వంతెన దాటాక జొన్నాడ దగ్గర పోలీసులు బళ్ళు ఆపి చూస్తున్నారు. మన్యం నుంచి దిగే గంజాయి మీద మన రాష్ట్రంలో నిఘా పెరిగింది. 2024 నవంబరులో ఈగల్ అనే ప్రత్యేక దళాన్ని కూడా ఏర్పాటు చేశారు. మందుల సంచిలోని సీసా మీద అచ్చువేసిన ఆకు బొమ్మ ఎస్సైగారి కంటపడింది. అయిదు రేకుల ఆ ఆకును ఈ రోజుల్లో గుర్తుపట్టనివారు లేరు. "ఇదేంటండీ?" అని అడిగారు. చీటీ, బిల్లు, ఆసుపత్రి ఫైలు ముందు పెట్టాను. ఆయన చీటీలోని పేరునూ వెనుక సీటులో దిండుకు ఆనుకుని పడుకున్న అక్కయ్యనూ ఒకసారి చూసి, లేబుల్ మీద లైసెన్సు సంఖ్య దగ్గర వేలు పెట్టి చదివి, "కాగితాలు ఎప్పుడూ ఇలాగే దగ్గర పెట్టుకోండి మాస్టారూ, వెళ్ళిరండి" అన్నారు. అంతవరకు సీసా పట్టుకున్న నా చెయ్యి చెమట పట్టి ఉంది. మందు సీసా మీద అంత పెద్ద ఆకు బొమ్మ వేయడం రోగికి ఏ విధంగా మేలో సంస్థ ఆలోచించాలి.

లేబుల్ మీద లైసెన్సు, బ్యాచి సంఖ్య, గడువు తేదీ, నువ్వుల నూనెలో విజయ ఆకు సారమన్న మాట, రెండు భాషల్లో హెచ్చరిక అన్నీ ఉన్నాయి. లేనిది అసలైనది: మత్తు కలిగించే టీహెచ్‌సీ ఒక చుక్కలో ఎన్ని మిల్లీగ్రాములున్నదో, మత్తు లేని సీబీడీ ఎంతున్నదో రాయలేదు. కెంటకీ చట్టంలో తినే మందుకు ఒక మోతాదులో టీహెచ్‌సీ 10 మిల్లీగ్రాములు దాటకూడదని కట్టడి ఉంది, సరుకును ప్రయోగశాలలో పరీక్షించాలి. ఇక్కడ మేము చుక్కలు లెక్కపెట్టుకోవడమే తప్ప, ఆ చుక్కలో ఏముందో తెలియదు. నల్లగా, పసరు వాసనతో ఉండే ఆ నూనె పిప్పెటు కొస నుంచి ఒకసారి సన్నగా, ఒకసారి లావుగా పడుతుంది కనుక రెండు చుక్కలన్న మోతాదు కూడా ఏ పూటకు ఆ పూట మారిపోయేది.

ఇక ఫలితం. మొదటి రెండు రాత్రులు నాలుక కింద రెండేసి చుక్కలు వేశాము, తేడా లేదు. చీటీలో రాసిన పై పరిమితి ప్రకారమే మూడవ రాత్రి నాలుగు వేస్తే నోరు పిడచకట్టుకుపోయి, తెల్లవారుజామున లేచినప్పుడు కళ్ళు తిరిగి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఎముకలు బలహీనపడిన మనిషి పడితే ఏమవుతుందో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. మళ్ళీ రెండుకే దిగి, రాత్రి ఆమె మంచం పక్కనే ఒకరం పడుకోవడం మొదలుపెట్టాము. రెండవ వారం నుంచి ఏకధాటిగా నాలుగు గంటల నిద్ర పట్టేది. ఒక మధ్యాహ్నం తనంతట తాను, "తమ్ముడూ, కాసింత చారన్నం కలిపి పెట్టమనరా" అన్నది. నెలన్నర తరువాత ఆమె నోట తిండి మాట వినడం అదే మొదలు.

నొప్పి సంగతి వేరు. నొప్పిని నిజంగా అదుపులోకి తెచ్చినది ఆసుపత్రిలో ఇచ్చిన మార్ఫిన్ మాత్రలే. నాలుగు గంటలకొకటి చొప్పున, మలబద్ధకానికి విరేచనకారి మందుతో కలిపి. ఇదివరకు మార్ఫిన్ దొరకాలంటే ఆసుపత్రులు రాష్ట్రానికొక తీరుగా రకరకాల లైసెన్సుల కోసం తిరగవలసి వచ్చేది. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి, 2015లో మార్ఫిన్‌తో సహా ఆరు మందులను అత్యావశ్యక మత్తు ఔషధాలుగా ప్రకటించి, దేశమంతటికీ ఒకే నియమాలు తెచ్చారు. గుర్తింపు పొందిన ఆసుపత్రి ఇప్పుడు వాటిని నిలవ చేసి రోగికి ఇవ్వవచ్చు. ఇది తెలియక, గంజాయి తైలం కోసం వేలు పోసి, పక్క పట్టణంలో చవకగా దొరికే మార్ఫిన్‌ను అడగని కుటుంబాలు ఉంటాయన్నదే నా బాధ. మేము ఆ తైలానికి 30 మిల్లీలీటర్ల సీసాకు 3,400 రూపాయలు పెట్టాము. నిద్రకూ ఆకలికీ అది కొంత పనికివచ్చింది. క్యాన్సర్ నొప్పికి దాని మీదే ఆధారపడమని ఎవరికీ చెప్పలేను, క్యాన్సరును నయం చేస్తుందని ఎవరైనా అమ్మజూపితే అక్కడ కొనవద్దని చెబుతాను. రక్తం పలచబరిచే మాత్రలు, మూర్ఛ మాత్రలు వాడేవారు, మానసిక జబ్బు ఉన్నవారు తమ డాక్టరును అడగకుండా మూత తీయకూడదు.

అయిదు మార్కులకు గాను చీటీకీ లైసెన్సుకూ నాలుగు, సంప్రదింపుకు రెండు, లేబులుకు రెండు, మందుకు మూడు వేస్తాను. తెలుగులో ఒక కరపత్రం పెట్టమనీ, మిల్లీగ్రాముల లెక్క రాయమనీ, ముందుగానే మిగతా మందుల జాబితా అడగమనీ సంస్థకు ఉత్తరం రాశాను. లెక్క విషయం పరిశీలిస్తామని జవాబు వచ్చింది.

జూన్‌లో మేనల్లుడు వచ్చాడు, తల్లి కోసం చేతికర్ర, మెత్తటి దిండు తెచ్చాడు, ఇంకేమీ తేలేదు. రెండవ సీసా పెట్టెలోనూ తెలుగు కాగితం లేదు. అందుకని నేనే ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో, రాత్రి భోజనమయ్యాక రెండు చుక్కలు, లేచేటప్పుడు మంచం పట్టీ పట్టుకుని ఒక నిమిషం కూర్చోవాలి, ఊరు దాటితే చీటీ వెంట ఉండాలి అని రాసి, చీటీ నకలుతో కలిపి రబ్బరు బ్యాండుతో సీసాకు చుట్టి ఆమె తలగడ పక్క గూట్లో పెట్టాను.