రింగుల జుట్టు, చిట్లిన చివర్లు, ముడులు: మూడేళ్ళు వాడి చూశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, ఇది ఒక్క ప్రోడక్ట్ రివ్యూ కాదు. మూడేళ్ళుగా నా జుట్టు మీద నేను వాడుతున్న నాలుగైదు వస్తువుల్లో ఏది నిలబడింది, ఏది సొరుగులో మూలకి పోయింది అన్న లెక్క. నాది బాగా దగ్గర దగ్గర రింగులు, పెన్సిల్‌కి చుట్టి వదిలినట్టు ఉంటాయి, మెడ వెనకైతే ఇంకా చిన్నవి. ఆండ్రే వాకర్ అనే హెయిర్ స్టైలిస్ట్ 1990ల్లో పెట్టి, తర్వాత వేరేవాళ్ళు పెంచిన నంబర్ల పద్ధతిలో (3 అంటే రింగుల జుట్టు, అక్షరం ముందుకెళ్ళేకొద్దీ రింగులు ఇంకా చిన్నవి) అయితే పైన 3బి, వెనక 3సి అనుకోండి (ఫోటోలు చూసి నాకు నేనే వేసుకున్న మార్కులు ఇవి, ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు). ఆరితే భుజాల దాకా, లాగి పట్టుకుంటే వీపు సగం దాకా వస్తుంది. రంగు వెయ్యను. స్ట్రెయిటనింగ్ చేయించి నాలుగేళ్ళు దాటింది, ఆ భాగం మొత్తం కత్తిరించేశా కూడా.

మొదట్లో నేను చిక్కు, ముడి, చిట్లడం అన్నీ ఒకటే అనుకునేదాన్ని. కాదండీ. చిక్కు అంటే పది వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకోవడం, ఓపికుంటే విడిపోతుంది. ముడి అంటే ఒక్క వెంట్రుక తన చుట్టూ తనే తిరిగి తను వేసిన ఉచ్చులో తనే పడటం, వేళ్ళతో చివరిదాకా జారిస్తే ఇసుక రేణువులా తగుల్తుంది చూడండి, అదే. ఇంగ్లీషులో ఫెయిరీ నాట్ అని ముద్దుపేరు పెట్టారు, డాక్టర్ల భాషలో ట్రైకోనోడోసిస్ అంట. దాన్ని విప్పడానికి సూది పట్టుకుని గంట కూర్చున్న రోజులున్నాయి నాకు, మీరు మాత్రం ఆ పని చెయ్యొద్దు, ఆ గంట హాయిగా పడుకోండి. ఇక చిట్లడం అంటే కొస పంగలకర్రలా చీలడం, కొన్నిసార్లు ఈకలా నాలుగైదు పోగులుగా విడిపోవడం, కొన్నిసార్లు మధ్యలో తెల్లచుక్కలా కనపడి అక్కడే పుటుక్కుమనడం. అసలు గొడవేంటంటే ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచి పోషిస్తాయి. చిట్లిన కొస కొక్కెంలా పక్క వెంట్రుకని పట్టుకుంటుంది, చిక్కు పడుతుంది, దాన్ని లాగితే ముడి బిగుసుకుంటుంది, ముడి దగ్గర పై పొర లేచిపోయి అక్కడ ఇంకో చీలిక మొదలవుతుంది.

ఇంకో విషయం నాకు లెక్క వేసుకున్నాకే బుర్రకెక్కింది. జుట్టు నెలకి ఒక సెంటీమీటరు, మహా అయితే ఇంకో పావు పెరుగుతుంది. నాది లాగి కొలిస్తే 45 సెంటీమీటర్లు. అంటే చివర ఉన్న ముక్క మూడు నాలుగేళ్ళ కిందటిది. వారానికి రెండు తలస్నానాలు వేసుకున్నా తక్కువలో తక్కువ 300 సార్లు తడిసి ఆరి, దువ్వెన తిని, దిండు మీద దొర్లిన ముక్క అది. వెంట్రుక పైన చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి పరుచుకున్న పొర ఉంటుంది, క్యూటికల్ అంటారు, లోపల పోగులు పేనిన తాడు లాంటి భాగం ఉంటుంది. పైన పొలుసులు అరిగిపోయాక లోపలి పోగులు విడిపోతాయి, పాత తాడు కొస విడిపోయినట్టే. రింగుల జుట్టులో ప్రతి మలుపూ ఒక బలహీనమైన చోటు, పైగా మాడు మీద పుట్టే నూనె ఆ మలుపులన్నీ దిగి చివరిదాకా రాలేదు. అందుకే కుదుళ్ళ దగ్గర జిడ్డు, చివర్లు గడ్డి.

ఇంత అర్థమయ్యాక నేను కొనే వస్తువులు మారిపోయాయి. అంతకుముందు అన్నీ జుట్టుకి ఏదో ఒకటి పూసేవే కొనేదాన్ని. ఇప్పుడు నాకు పనికొచ్చేవన్నీ రాపిడి తగ్గించేవి, ఒక్క కత్తెర తప్ప.

సాటిన్ దిండు కవరు, సాటిన్ టోపీ. రెండూ వాడా. చాలామంది సాటిన్, సిల్క్ ఒకటే అనుకుంటారు, సాటిన్ అనేది నేత పేరు, సిల్క్ అనేది దారం పేరు, పాలిస్టర్ తో నేసిన సాటిన్ కూడా నున్నగానే ఉంటుంది, నేను వాడేది అదే. కాటన్ కవరు మీద పడుకుని లేస్తే వెనకవైపు జుట్టంతా ఉండలు కట్టేది, సాటిన్ కి మారిన పదిహేను రోజుల్లో ఆ తేడా తెలిసింది, ఇందులో డౌటే లేదు. కానీ మొదటి టోపీ మాత్రం వేస్ట్. సన్నటి ఎలాస్టిక్, తెల్లారేసరికి నుదుటి మీద గీత, టోపీ ఏమో కాళ్ళ దగ్గర. గట్టిగా ఉండాలని ఇంకో చిన్న సైజు తీసుకుంటే నుదుటి దగ్గరి బుజ్జి వెంట్రుకలు విరగడం మొదలైంది, అది గమనించడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇప్పుడున్నది తాడుతో వదులుగా కట్టుకునేది, అదీ ఎండాకాలంలో ఉక్కపోసి తీసి పారేస్తా, అప్పుడు కింద ఎలాగూ కవరు ఉంటుంది కదా. ఒకటే కొనాలంటే కవరు కొనండి. జిప్పు ఉన్నది వద్దు, జిప్పు పళ్ళలో జుట్టు ఇరుక్కుంటే ఆ బాధ వర్ణించలేను. ఇంకోటి, కవరు శాశ్వతం కాదు, ఏడాదిన్నర వాడాక తల ఆనే చోట సన్నగా నూగు ఉండలు లేచి గరుకుగా అయ్యింది. పొడిబారిన మడమ మీద రుద్ది చూడండి, పట్టుకుంటోందంటే జుట్టునీ పట్టుకుంటున్నట్టే.

దువ్వెన గురించి పెద్దగా చెప్పడానికి లేదు, పెద్ద పళ్ళది తీసుకోండి అంతే. ఒక్క టిప్: ప్లాస్టిక్ దువ్వెన పళ్ళ మధ్య గోరు పెట్టి లాగి చూడండి, అచ్చు పోసిన గీత తగిలిందంటే ఆ గీత జుట్టుని గీకుతుంది. చివర గుండ్రటి చుక్కలుండే బ్రష్ ఒకటి కొన్నా, ఆర్నెల్లకి ఆ చుక్కలు రాలిపోయి మొండి కొసలు మిగిలాయి, అవి చూసుకోకుండా ఇంకో నెల వాడేశా, తెలివి తక్కువ పని.

వస్తువుకన్నా చిక్కు తీసే పద్ధతే ముఖ్యం. పొడిగా ఉన్నప్పుడు అస్సలు దువ్వను. తడిసిన వెంట్రుక లోపల దాన్ని బిగువుగా పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు వదులై సాగుతుంది, అంటే బలం తగ్గుతుంది, ఆ మాట నిజమే, అందుకే తడి జుట్టు దువ్వొద్దు అంటారు. కానీ మన రింగులకి పొడిగా దువ్వితే ఒకదానికొకటి పట్టుకునే పట్టు ఇంకా ఎక్కువ, కాబట్టి తడిపి, దానిమీద చేతి నిండా కండిషనర్ వేసి, అప్పుడు ముందు వేళ్ళతో, తర్వాత దువ్వెనతో. కండిషనర్ లో పాజిటివ్ ఛార్జ్ ఉండే పదార్థాలుంటాయి, లేబుల్ మీద బెహెన్‌ట్రైమోనియం, సెట్రిమోనియం అని మొదలయ్యే పేర్లు అవే, అరిగిన చోట జుట్టుకి నెగెటివ్ ఛార్జ్ ఎక్కువ కాబట్టి సరిగ్గా అక్కడికే పోయి అతుక్కుంటాయి, దువ్వెన జారుతుంది. తలని ఆరు పాయలు చేస్తా, చివర్నుంచి మొదలుపెట్టి పైకి వస్తా, చిక్కుకి పైన గట్టిగా పట్టుకుని కింద దువ్వుతా, అలా పట్టుకుంటే కుదురు మీద లాగుడు పడదు. మొత్తం 25 నిమిషాలు పడుతుంది, తొందరగా ఉన్న రోజు తలస్నానమే చెయ్యను. తుడుచుకోవడానికి టవల్ మానేసి పాత టీషర్ట్, రుద్దకుండా అదిమి నీళ్ళు తీయడమే.

అన్నట్టు దువ్వినప్పుడు చేతికి ఉండలా జుట్టు వస్తే కంగారు పడకండి. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే, సాఫు జుట్టువాళ్ళకి అవి ఎప్పటికప్పుడు కింద పడిపోతాయి, మనకి రింగుల్లోనే వేలాడుతుంటాయి, అది ఒక్కరోజుది కాదు, వారం సరుకు. ఇవే పక్కవాటిని చుట్టుకుని చిక్కులు చేస్తాయి కూడా. నేను పది రోజులు దువ్వకుండా వదిలేసిన ప్రతిసారీ ముడుల సంఖ్య పెరిగింది, జుట్టుని తక్కువ ముట్టుకుంటే మంచిది అన్న సలహా విని చేసిన ప్రయోగం అది, నాకైతే పడలేదు.

ఒంటి ముడులకి నాకు బాగా పనిచేసింది ఒకటే, జుట్టుని సాగదీసి ఉంచడం. రింగు ఎంత ముడుచుకుని ఉంటే తన కొస తన సందులోకి దూరే ఛాన్స్ అంత ఎక్కువ. అందుకే రాత్రి నాలుగు వదులు జడలు, వారంలో మూడు రోజులు పగలు కూడా రెండు పాయలు మెలితిప్పి పైకి పెట్టేస్తా. విరబోసుకుని తిరిగిన వారానికీ ఇలా కట్టిన వారానికీ తేడా వేళ్ళకే తెలిసిపోతుంది. బాధేంటంటే రింగులు అందంగా కనపడేది విరబోసినప్పుడే. దీనికి నా దగ్గర మందు లేదు, ఫంక్షన్ ఉన్న రోజు విరబోసుకుంటా, తర్వాత ముడులు ఏరుకుంటా.

ఇప్పుడు కత్తెర. ఇదే ముందే కొని ఉండాల్సింది. మొదటి ఏడాది టేబుల్ మీద దొరికిన కాగితాల కత్తెరతోనే చివర్లు కత్తిరించుకునేదాన్ని, రెండు మూడు వారాలకే కత్తిరించిన చోటే మళ్ళీ చిట్లేవి, నా జుట్టు రాత ఇంతే అనుకునేదాన్ని. మొండి కత్తెర వెంట్రుకని కొయ్యదు, నలిపి తెంపుతుంది, నలిగిన కొస చిట్లడానికి రెడీగా ఉంటుంది. జుట్టు కత్తిరించే అసలు కత్తెర కొన్నాక అదే పని రెండు మూడు నెలలు నిలుస్తోంది. దాన్ని ఇంకదేనికీ వాడకూడదు, మా తమ్ముడు ఒకసారి దాంతో పార్సిల్ టేపు కోశాడు, ఆరోజు ఇంట్లో జరిగింది ఇక్కడ రాయలేను, సానబెట్టించి తెచ్చాడు లెండి.

నేను చేసేది రెండు రకాలు. మూడు నాలుగు నెలలకోసారి చిన్న చిన్న పాయలు మెలితిప్పి, కొసన అర సెంటీమీటరు మాత్రం తీసేస్తా. మధ్యలో ఎప్పుడైనా వెలుతురులో కూర్చుని చిట్లినవి, ముడిపడినవి ఒక్కొక్కటే వెతికి, చీలికకి కొంచెం పైన కత్తిరిస్తా, చీలిక మీదే కోస్తే ఆ చీలిక పైకి పాకుతూనే ఉంటుంది. ఈ రెండోది వ్యసనం అవుతుంది జాగ్రత్త. ఒక దశలో రోజూ రాత్రి దీపం కింద అదే పని, ఆర్నెల్లకి చూసుకుంటే కుడివైపు ఒక రకం ఎడమవైపు ఒక రకం, ఎందుకంటే కుడిచేత్తో కుడివైపే సుఖంగా అందుతుంది. ఇప్పుడు నెలకి ఒక్కసారి, అరగంట అలారం పెట్టుకుని.

డబ్బులు దండగైనవి కూడా చెప్పాలి కదా. చిట్లిన చివర్లని అతికిస్తుందని రాసున్న సీరం ఒకటి వాడా, పేరెందుకులే, రాసిన రోజు నిజంగానే అతుక్కున్నట్టు కనపడింది, తలస్నానం చెయ్యగానే మళ్ళీ పంగలకర్రలు. వెంట్రుక చచ్చిన పదార్థం, గాయం మానినట్టు మానదు. ఆ సీరం మోసం అని నేను అనను, అందులో సిలికోన్ ఉంది కాబట్టి నునుపు వచ్చింది, రాపిడి తగ్గింది, కాకపోతే డబ్బా మీద రాసిన మాట వేరు. ప్రోటీన్ మాస్క్ వారం వారం పెట్టా, నాలుగు వారాలకి జుట్టు చీపురు పుల్లల్లా బిగుసుకుపోయి, ముట్టుకుంటే విరగడం, మానేశాక నెల పట్టింది మామూలవడానికి. రంగు వేసి బ్లీచ్ చేసినవాళ్ళకి పనికొస్తుందేమో, నాకు రెండు నెలలకోసారి చాలు. కొబ్బరినూనె మాత్రం తలస్నానానికి ముందు చివర్లకి రాస్తా, 2003లో వచ్చిన ఒక పరిశోధనలో పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ తో పోలిస్తే ఇదొక్కటే జుట్టు లోపలి ప్రోటీన్ పోవడాన్ని తగ్గించిందని తేలింది, నాకు తేడా కొంచెమే అనిపించింది కానీ నష్టమైతే లేదు. వేడి సంగతి, డ్రయ్యర్ తక్కువ వేడి మీద డిఫ్యూజర్ (గాలిని చెదరగొట్టే వెడల్పాటి మూతి) తో ఓకే. తడి ఆరకముందే స్ట్రెయిటనర్ పెట్టడం మాత్రం జన్మలో చెయ్యకండి, లోపలి నీళ్ళు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు లేస్తాయి, నా పాత జుట్టు తెల్లచుక్కల దగ్గర విరిగిందంటే ఆ పుణ్యమే అని నా అనుమానం.

మార్కులు అడిగితే కత్తెరకి ఐదుకి ఐదు, దిండు కవరుకి నాలుగున్నర, టోపీకి మూడు, దువ్వెనకి నాలుగు, సీరంకి ఒకటిన్నర. మూడేళ్ళ కింద ఏ పాయ పట్టుకున్నా సగం కొసలు చిట్లి ఉండేవి, ఇప్పుడు వెతికితే కనపడతాయి, ముడులు పూర్తిగా పోలేదు, తగ్గాయి. పొడుగు కూడా అప్పట్లో భుజం దగ్గరే ఆగిపోయినట్టు ఉండేది, పెరగక కాదు, కింద విరిగిపోతుంటే పైన పెరిగింది కనపడేది కాదు.

మెడ వెనక భాగం ఒక్కటే ఇంకా మాట వినట్లేదు. అక్కడే రింగులు చిన్నవి, అక్కడే కాలర్ రాసుకుంటుంది, చలికాలంలో స్వెటర్ వేసుకున్న రోజు సాయంత్రానికి గూడు కట్టేస్తుంది. పాత దిండు కవరు పైన గరుకైంది కానీ అడుగువైపు ఇంకా నున్నగానే ఉంది, దాన్ని కోసి స్వెటర్ మెడ లోపల కుట్టా మొన్న. కుట్టు వంకర పోయింది, లోపలే కదా ఎవరు చూస్తారు, వారం అయింది, ఇప్పటిదాకా ఒక్క గూడే.