కుడూ వేటకు ఏది మేలు: లింపోపోనా, నమీబియానా?

ఏప్రిల్ నెల పడిందంటే జోహన్నెస్‌బర్గ్‌లో మనవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న. "అన్నా, ఈసారి కుడూకి ఎటు పోదాం? లింపోపోనా, నమీబియానా?" కుడూ అంటే మెలికల కొమ్ముల పెద్ద జింక, లింపోపో దక్షిణాఫ్రికా ఉత్తర కొసన ఉన్న రాష్ట్రం. మధ్యలో ఎవరో ఒకరు అదే దేశంలోని ఈస్టర్న్ కేప్ పేరెత్తుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకేచోట రాసి పెట్టడం నయమనిపించింది. ఇంపాలా జింక, వార్ట్‌హాగ్ అనే అడవిపంది వేట దాకా వచ్చి, పీహెచ్ (వేటకు వెంట నడిచే ప్రొఫెషనల్ హంటర్) ఏం చేస్తాడో, ట్రోఫీ ఫీ (కొట్టిన జంతువుకు కట్టే రుసుము) ఎప్పుడు కట్టాలో తెలిసినవాళ్ల కోసమే ఇది. వేట తప్పా ఒప్పా అన్న వాదన ఇక్కడ పెట్టుకోను. 1972 చట్టంతో వేటను ఆపేసిన దేశం నుంచి వచ్చినవాళ్లం, ఆ వాదన మన ఇళ్లలో ఎలాగూ నడుస్తూనే ఉంటుంది.

అడిగేవాళ్లందరూ మూడు విషయాలే పోలుస్తారు: కొమ్ముల పొడవు, ఖర్చు, దూరం. మూడూ తొందరగా తేలిపోయేవే. పొడవు లెక్కన లింపోపోదే పైచేయి. నమీబియా పోతులు (మగ కుడూలు) దానికి కాస్త తక్కువ, ఈస్టర్న్ కేప్‌వి ఇంకా తక్కువ. అందుకే ఎస్‌సీఐ (సఫారీ క్లబ్ ఇంటర్నేషనల్) రికార్డుల్లో ఈస్టర్న్ కేప్ కుడూకి వేరే వరస పెట్టారు. రోలండ్ వార్డ్ ట్రోఫీ రికార్డుల పుస్తకంలోకి ఎక్కాలంటే 53 అంగుళాల మీద ఏడు ఎనిమిదో వంతులు ఉండాలి. మనలో చాలామందికి 50 దాటితే చాలు, ఇల్లు ఎక్కి చెప్పుకుంటాం. దూరమంటారా, జోబర్గ్ నుంచి లింపోపోలోని ఆల్‌డేస్‌కో ముసీనాకో తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్న భోజనానికి ఫామ్‌లో ఉంటాం. నమీబియా రాజధాని విండ్‌హుక్ బోట్స్వానా మీదుగా 1,400 కిలోమీటర్లు, లేదంటే విమానం. ఖర్చు సంగతి ఈ రెండింటిని బట్టే అర్థమవుతుంది.

ఇవేవీ నా దృష్టిలో అసలు విషయం కాదు. అసలు విషయం కంచె.

కుడూ నిలబడ్డ చోటి నుంచే రెండు మీటర్లు ఎగరగలదు. పశువుల కోసం వేసిన నడుమెత్తు తీగల కంచె దానికి అడ్డే కాదు. ముందు కాళ్లు ముడిచి, కొమ్ములు వీపు మీదికి వాల్చి, చప్పుడు లేకుండా అవతలికి దిగుతుంది. దాన్ని ఆపాలంటే 2.4 మీటర్ల గేమ్ ఫెన్స్ కావాలి. దక్షిణాఫ్రికాలో వేట ఫామ్‌లు చాలామటుకు ఈ ఎత్తు కంచెవే. దానికి కారణం చట్టంలోనే ఉంది. 1991 నాటి గేమ్ థెఫ్ట్ చట్టం ప్రకారం, సరైన కంచె లోపల ఉన్న అడవి జంతువు ఆ భూమి యజమాని సొత్తు, తప్పించుకుని బయటికి పోయినా సరే. జంతువు సొత్తు అయిందంటే దాన్ని వేలంపాటలో పెట్టుకోవచ్చు. పాటలో ధర పెరిగేది కొమ్ము పొడవును బట్టి. డబ్బు పెట్టి కొని వదిలిన పోతును ఏ యజమానీ గంపగుత్తగా అమ్మడు కదా, అందుకే లింపోపోలో చాలాచోట్ల ధరల పట్టిక అంగుళాల లెక్కన ఉంటుంది. 50 లోపు ఒక రేటు, 50 నుంచి 54 దాకా ఒకటి, 55 దాటితే ఇంకొకటి.

పట్టిక కాగితం మీద బాగానే ఉంటుంది. పొదలో పోతు కనపడ్డప్పుడు చూడాలి దాని సంగతి. షూటింగ్ స్టిక్స్ అనే కర్రల ఊత మీద రైఫిల్ ఆనించి ఉంటుంది, చెవి దగ్గర పీహెచ్ గుసగుస: "54 ఉంటుంది, కాదు, 55 కూడా కావచ్చు." మీరు గుండె మీద గురి చూసుకోవాల్సిన క్షణంలో బ్యాంకు బ్యాలెన్స్ చూసుకుంటారు. నాకు అసహ్యం పుట్టేది అక్కడే. చూడాల్సింది దాని వయసు. మెడ బలిసి కిందికి వంగిందా, గడ్డం కింది జూలు నిండుగా ఉందా, చెవులు చిరిగి ఉన్నాయా, కొమ్ము రెండున్నర మెలికలు పూర్తిచేసి కొసలు బయటికి తిరిగాయా? కొసలు ఇంకా లోపలివైపే చూస్తున్నాయంటే అది నాలుగైదేళ్ల పోతు, ఎంత పొడవున్నా సరే వదిలెయ్యాలి. కొస అరిగి దంతంలా తెల్లగా మెరిసే 49 అంగుళాల ముసలి పోతు, 54 అంగుళాల పడుచు పోతుకంటే వెయ్యిరెట్లు మేలని నేనంటాను. పట్టిక దానికి ఒప్పుకోదు. దాని లెక్కలో ముసలిది చవక, పడుచుది ఖరీదు. మీకూ తెలియకుండానే మనసు ఆ ఖరీదు వైపే లాగుతుంది.

నమీబియాలో ఒమరూరు, ఔట్యో, ఒచివరొంగో చుట్టుపక్కల కథ వేరు. ఇవి ఎక్కువగా పశువుల ఫామ్‌లు, వేట పక్క ఆదాయం. వేల హెక్టార్లు, చుట్టూ మామూలు తీగల కంచె. అక్కడ 1967లో ఒకసారి, 1975లో ఇంకోసారి చేసిన చట్టాలు కుడూ, ఓరిక్స్, స్ప్రింగ్‌బాక్ లాంటి జింకల మీద హక్కు రైతుకే ఇచ్చాయి. దాంతో మేత తినిపోయే దండగగా కనిపించిన జంతువు కాపాడుకోవాల్సినదైంది. అయినా ఈ రోజు తన నేలలో ఉన్న పోతు రేపు పక్కవాడి నేలలో ఉంటుందని రైతుకు తెలుసు. దాన్ని కొనలేదు, మేపలేదు, కొమ్ములు కొలవలేదు. అందుకే చాలామంది కుడూకి ఒకే ట్రోఫీ ఫీ చెబుతారు, 48 అయినా 56 అయినా అంతే. ఆ ఒక్క తేడాతో వేటంతా మారిపోతుంది. పీహెచ్ చెవిలో చెప్పే మాట "ముసలిది" అనో "వద్దు, ఇంకా రెండేళ్లు ఆగాలి" అనో ఉంటుంది.

ఇంకొకటుంది. ఎత్తు కంచె లోపల, అది అయిదారు వందల హెక్టార్లయినప్పుడు, ఆ పోతు అక్కడే ఎక్కడో ఉందని అందరికీ ముందే తెలుసు. జాడ పట్టే ట్రాకర్‌కి దాని కాలి గుర్తు కూడా పరిచయమే. ఎత్తు కంచె లేని తెరిచిన నేలలో ఆ హామీ లేదు. పొద్దున్నే ఎండిన వాగు ఇసుకలో గుండె ఆకారపు గిట్ట గుర్తు కనిపిస్తుంది. రాత్రి గాలికి అంచులు రాలకుండా ఉంటే తాజాది. దాన్ని పట్టుకుని రెండు మూడు గంటలు నడిచాక అది నిదానంగా కంచె దగ్గరికి పోయి, అవతలివైపు ఇసుకలో లోతుగా దిగి ఉంటుంది. అంతే, ఆ రోజుకి దండం. పక్క ఫామ్‌వాడితో మాట ఉంటే సరే, లేకపోతే వెనక్కి నడవడమే. మాతో ఒకసారి డర్బన్ నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు. తాతల కాలంలో చెరుకు తోటల్లోకి కూలికి వచ్చిన తెలుగు కుటుంబం. ఇంట్లో నాలుగు ముక్కలే మిగిలాయి తెలుగువి, వాటిలో రెండు తిట్లు. కంచె దగ్గర ఆ రెండూ వాడేశాడు.

మిగతా శ్రమ రెండుచోట్లా ఒకటే. ముల్లు మాత్రం నమీబియాలో ఎక్కువ. స్వార్టాక్ అనే కొక్కెం ముళ్ల తుమ్మ కోట్ల ఎకరాల్లో పెరిగిపోయి గడ్డిని మింగేసింది. పశువుల రైతుకు అది శాపం, ఆకు మేసే కుడూకి వరం. మోపానె అడవిలో గో-అవే పిట్ట "క్వే, క్వే" అని అరిచి మన రాకను చాటుతుంది. అది అరవకపోతే మన గాలి తగిలిన ఆడ కుడూ ఒకటి కుక్క మొరిగినట్టు గట్టిగా అరుస్తుంది. పోతు సంగతి వేరు. ముప్పై గజాల్లో పొద వెనక నిలబడి ఉన్నా, ముందు కనపడేది చెవి లోపలి తెలుపో, కళ్ల మధ్య తెల్ల గీతో. ఒంటి మీది చారలు ఎండుకొమ్మల నీడల్లో కలిసిపోతాయి.

లింపోపోకి న్యాయం చెయ్యాలంటే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, దెబ్బతిన్న జంతువు. రక్తం చుక్క పడితే ట్రోఫీ ఫీ కట్టాల్సిందే, దొరికినా దొరకకపోయినా. ఇది రెండు దేశాల్లోనూ నడిచే పద్ధతి. ఎత్తు కంచె లోపల అయితే మర్నాడైనా, కుక్కలతోనైనా దొరుకుతుంది. తెరిచిన నేలలో కంచె దాటి పోయిందంటే ఫోన్లు, అనుమతులు, ఆలస్యం. ఆలోపు నక్కలు పని కానిచ్చేస్తాయి. గురి మీద ధీమా లేనివాళ్లు ఈ ఒక్క కారణంతోనైనా లింపోపోనే ఎంచుకోవడం మంచిది. తప్పెవరిదైనా బాధ జంతువుది. రెండోది, సెలవులు. శుక్రవారం బయల్దేరి సోమవారం ఆఫీసుకు చేరాలంటే నమీబియా ఊసే వద్దు.

మూడోది మాంసం, దాని దగ్గర పోటీయే లేదు. కొమ్ములు అక్కర్లేదు, డీప్ ఫ్రీజర్ నిండితే చాలనుకునేవాళ్లు లింపోపోలో ఒక ఆడ కుడూ కొట్టుకోండి. దాని ధర పోతు ధరలో చిన్న భాగం, మాంసం మెత్తగా ఉంటుంది, తోలు, పేగులు తీసేశాక వంద కిలోలకు దగ్గరగా మిగులుతుంది. ట్రోఫీ వేటలో మాంసం సాధారణంగా ఫామ్‌వాళ్లదే. నమీబియా నుంచి పచ్చి మాంసం సరిహద్దు దాటించాలంటే పశువైద్య శాఖ అనుమతులు, అదొక తలనొప్పి. కుడూలో కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి కీమాకి గొర్రె కొవ్వు కలపాలి, లేకపోతే రంపపు పొట్టులా వస్తుంది. పిర్ర కండ బిల్టాంగ్ అనే ఎండు మాంసానికి ఇవ్వండి. వెనిగర్, ఉప్పు, మిరియాలు, దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు. ఆ వాసనకి మన అమ్మలు కూడా వంటింట్లోంచి బయటికి వస్తారు.

నమీబియాకి వెళ్లేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది రేబిస్. అక్కడ కుడూలలో 1977లో మొదలై 1985 దాకా సాగిన విరుచుకుపాటులో ముప్పై నుంచి యాభై వేల దాకా చచ్చాయని అంచనా. 2002 తర్వాత మళ్లీ వచ్చింది. చొంగ ద్వారా ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటుందని చెబుతారు. ఒకే ముళ్ల పొదను మేస్తూ నోళ్లు గీరుకునే జంతువులు మరి. మనిషిని చూసి బెదరకుండా, నోట్లోంచి చొంగ కారుస్తూ, ఫామ్‌హౌస్ వాకిట్లోకి వచ్చి నిలబడ్డ కుడూ దగ్గరికి ఫొటో కోసం వెళ్లకండి. తల కోసేటప్పుడు తోలు తీసే స్కిన్నర్ చేతికి గ్లవ్స్ ఉన్నాయో లేదో కూడా చూడండి, లేకపోతే మీరే కొని ఇవ్వండి. ఆ గ్రామాల్లో ఒక జత గ్లవ్స్ దొరకడమే కష్టం.

ఈస్టర్న్ కేప్‌లో వేట పూర్తిగా వేరు పద్ధతి. ఫోర్ట్ బ్యూఫర్ట్, గ్రేట్ ఫిష్ నది లోయల్లో స్పెక్‌బోమ్ పొదలు కొండవాలంతా అల్లుకుని ఉంటాయి, మధ్యలోకి మనిషి దూరడు. ఈ కొండ మీద కూర్చుని ఆ కొండను దుర్భిణీతో గంటల తరబడి వెతకడం, ఎదుటి వాలు మీద పోతు కనపడితే రెండు మూడు వందల మీటర్ల నుంచి కొట్టడం. కొండల్లో అవి కంచెలను పెద్దగా పట్టించుకోవు కాబట్టి నా కొలబద్ద ప్రకారం దీనికీ మంచి మార్కులే. నడక పడని మోకాళ్లు, దూరం కొట్టగలిగే చెయ్యి ఉన్నవాళ్లకు చెబుతాను. కొట్టాక దాన్ని లోయలోంచి పైకి మోసుకురావడం ట్రాకర్ల పని, వాళ్లకు టిప్ గట్టిగా ఇవ్వండి.

బోట్స్వానా ప్రభుత్వ భూముల్లో 2014లో ఆపిన వేటను 2019లో మళ్లీ తెరిచింది. ఘాంజీ ఫామ్‌ల్లో కుడూలు మంచివే ఉన్నాయి, కానీ నమీబియాలో లేనిదేదీ అక్కడ నాకు కనపడలేదు. జింబాబ్వే, జాంబియాల్లో కుడూ సాధారణంగా అడవిదున్న వేటకు పక్క వాయిద్యం. కేవలం దాని కోసం అంత దూరం, అంత ఖర్చు ఎందుకు?

తుపాకీ గురించి రెండు ముక్కలు. దక్షిణాఫ్రికాలో పౌరులకు, పర్మనెంట్ రెసిడెన్స్ ఉన్నవాళ్లకు తప్ప లైసెన్స్ రాదు. వర్క్ వీసా మీద ఉన్న మనవాళ్లకు ఫామ్‌వాళ్ల రైఫిలే గతి, అందులో చిన్నతనమేమీ లేదు. నమీబియా చట్టం కుడూకి కనీసం 2,700 జౌల్స్ శక్తి అడుగుతుంది, .308 రైఫిల్ దాన్ని సునాయాసంగా దాటుతుంది. 180 గ్రెయిన్ల బరువున్న గుండుతో .30-06 రైఫిల్ ఉంటే ఇంకేం ఆలోచించకండి. కుడూ ఒంటికి పెద్దదే గానీ ఓరిక్స్ అంత మొండిది కాదు. ముందు కాలి వెనక అంచు వెంబడి పైకి, ఒంటి ఎత్తులో మూడో వంతు దగ్గర పడితే దూరం పోదు.

నెల సంగతి. మే, జూన్‌లలో జత కట్టే కాలం, పోతులు ఆడవాటి వెంట బయటికి వస్తాయి. పోతు దొరకడం తేలికే, దగ్గరికి పోవడం కష్టం, మంద చుట్టూ కళ్లెక్కువ. ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఆకు రాలి చూపు ఆనుతుంది, నీళ్లకు రాక తప్పదు, కానీ పోతులు బక్కచిక్కి ఉంటాయి. నీటి గుంట దగ్గర గుడిసెలో కూర్చుని కొట్టడం విల్లు వేటగాళ్లకు సరే, రైఫిల్ పట్టుకుని అక్కడ కూర్చోవడం నాకు ఎక్కదు.

బుక్ చేసే ముందు ఎవరినైనా సరే మూడు అడగండి: కంచె ఎత్తెంత, లోపల ఎన్ని హెక్టార్లు, పోతుల్ని ఎప్పుడైనా కొని వదిలారా? మూడోదానికి నసిగితే ఇంకో నంబరుకు ఫోన్ చెయ్యండి. ఈ మూడింటికీ నచ్చే జవాబిచ్చే లో ఫెన్స్ (పొట్టి కంచె) పశువుల ఫామ్‌లు లింపోపోలోనూ, ఆల్‌డేస్ అవతల లింపోపో నది వైపు, వెతికితే ఉన్నాయి. అలాంటిది దొరికితే విండ్‌హుక్ టికెట్ డబ్బులు మిగుల్చుకోండి. దొరకనివాళ్లు ఒమరూరు వైపు చూడండి, ఈ జూన్‌లో నేనూ అటే పోతున్నాను.